మాటకు దొరకని మనిషి

“ట్యాగుంటే దొరుకుతారమ్మా” అంది కౌంటరమ్మాయి, కీబోర్డు మీద నుంచి తలెత్తకుండా.

ఎదురుగా నిలబడ్డ ఆవిడకి అది “తాగుంటే దొరుకుతారమ్మా” అని వినిపించింది.

ఇక చూడాలి. అప్పటిదాకా చేతిసంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, మాట పెగలక నిలబడ్డ మనిషికి ఒక్కసారిగా గొంతూ వచ్చింది, కోపమూ వచ్చింది. తన భర్త తాగడనీ, తాగినవాళ్ళ పక్కన కూచుని అన్నం కూడా తినడనీ, దగ్గొస్తే మందు సీసా పట్టుకుని ఇల్లంతా ఆయన వెనకాల తాను తిరగాల్సిందేననీ, మనిషి కనపడక తామంతా అల్లాడుతుంటే ఆయన మీద ఇలాంటి మాట వెయ్యడానికి నోరెలా వచ్చిందనీ ఏకబిగిన కడిగేసింది. కౌంటరమ్మాయి కూచునేదే కౌంటర్లో, కౌంటర్లు వెయ్యడం ఆ పిల్లకి పుట్టుకతో వచ్చిన విద్య. తాను అన్నది తాగుడు కాదు, ట్యాగని తిరగబడింది. “అదే నేనూ అంటున్నాను, తాగరు” అంది ఆవిడ. “ట్యాగరని మీరెలా చెప్తారు? ట్యాగేది మేము” అంది ఈ పిల్ల.

గోడవారగా వేసిన ప్లాస్టిక్ కుర్చీల్లో ఎవరి దిగులులో వాళ్ళు మునిగి ఉన్న జనం తలలు తిప్పారు. ఒకాయన, ఎవరు తాగారని పక్కవాణ్ణి అడిగాడు. ఆ పక్కాయన, ఇక్కడి ఉద్యోగులంతా తాగుతారట, వాళ్ళ నోటితో వాళ్ళే ఒప్పుకున్నారని చెప్పాడు.

ఆ గోలకి వెనక గది తలుపు తోసుకుని అక్కడివాళ్ళు పదాల పెద్దాయన అని పిలిచే ఆయన బయటికొచ్చాడు. పొట్ట ముందు నడుస్తుంటే దాని వెనక తాను నడిచే మనిషి. కళ్ళజోడు నుదుటి మీద, పెన్ను చెవి మీద, మాట ఎప్పుడూ నాలిక చివర.

“ట్యాగంటే తాగేది కాదమ్మా, తగిలించేది” అన్నాడు. “ఒక్కో ఫోటోకి నాలుగు మాటలు తగిలిస్తాం. మీరు చెప్పే మాటలూ మేం తగిలించిన మాటలూ కలిస్తే ఆ ఫోటో బయటికొస్తుంది. తగిలించేవాణ్ణి నేనే. తాగేవాణ్ణీ నేనే, కాకపోతే టీ.”

కుర్చీల్లో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆవిడకి కూడా నవ్వు పెదవుల దాకా వచ్చింది. అక్కడ ఆగి, అసలు ఎవరి ఫోటోలు అన్న సంగతి గుర్తొచ్చినట్టుంది, నవ్వు వెనక్కి వెళ్ళిపోయింది.

అది ఓ పెద్ద ఆసుపత్రి వెనక భాగం. ముందు గేటు నుంచి వచ్చేవాళ్ళు బతకడానికి వస్తారు, వెనక గేటు నుంచి వచ్చేవాళ్ళు వెతకడానికి వస్తారు. మార్చురీ అని పేరేగానీ అక్కడ మార్చగలిగిందంటూ ఏదీ లేదు. రోడ్డు మీదా, పట్టాల మీదా, నీళ్ళలోనూ దొరికి, జేబులో పేరు లేక, వెంట మనిషి లేక వచ్చినవాళ్ళని చలిగదిలో పెడతారు. ఫోటోలు తీస్తారు. ఒంటి మీది బట్టలు విప్పి ఆరేసి, సంచిలో కట్టి, నంబరు వేస్తారు. ఒక గడువు వరకూ ఎవరైనా వస్తారేమోనని చూస్తారు. రాకపోతే వారానికోసారి వెనక గేటుకి బండి వస్తుంది. ఊరి చివర, కంచె వేసిన ఓ ఖాళీ స్థలంలో, నంబరు రాసిన రేకు ముక్క కింద అందరినీ వరసగా పూడ్చేస్తారు. అంతవరకూ నంబరు మనిషికి తోడు, ఆ తరవాత మనిషే నంబరుకి తోడు.

పెద్దాయన ఇక్కడికి రాకముందు ఫోటోలు అమ్మే ఓ కంపెనీలో సగం జీవితం గడిపాడు. క్యాలెండర్లకీ, ప్రకటనలకీ, పుస్తకాల అట్టలకీ కావలసిన బొమ్మలన్నీ ఆ కంపెనీ గిడ్డంగిలో ఉండేవి. లక్షల ఫోటోల్లోంచి కావలసినవాడికి కావలసింది చిటికెలో చేతికందాలంటే ప్రతి ఫోటోకీ సరైన మాట తగిలించి ఉండాలి. ఆ పని ఈయనది. సూర్యాస్తమయం ఫోటోకి “సాయంత్రం” అని రాయాలి, “ఎరుపు” అని రాయాలి, “పడవ” కనిపిస్తే పడవనీ రాయాలి. “విరహం” అని మాత్రం రాయకూడదు. విరహం చూసేవాడిది, ఫోటోది కాదు. కనిపించిందే రాయి, అనిపించింది రాయకు. ఇది ఆయన మొదటి సూత్రం. మాట మరీ తక్కువైతే ఫోటో దాక్కుంటుంది, మరీ ఎక్కువైతే పిలవని పేరంటానికల్లా వస్తుంది. ఇది రెండోది.

కంపెనీ మూతపడ్డాక ఆసుపత్రిలో ఈ ఉద్యోగం దొరికింది. ఆయన వచ్చేనాటికి ఇక్కడ వ్యవహారం ఎలా ఉండేదంటే, కనపడకుండా పోయిన మనిషి కోసం ఎవరొచ్చినా, మాటతో వెతికే వీలున్నా ఎవరూ వాడక, కంప్యూటరు ముందు కూచోబెట్టి ఫోటోలన్నీ మొదటి నుంచి చివరిదాకా తిప్పేవారు. తన కొడుకు కోసం వచ్చిన తల్లి ఊళ్ళోని తల్లులందరి కొడుకుల్నీ చూడాల్సి వచ్చేది. అలా చూస్తూ చూస్తూ ఒకామె కుర్చీలోంచి కిందికి జారిపోయి, ముందు వైపు వార్డులో చేరింది. ఆమె కొడుకు అక్కడ లేనే లేడు.

పెద్దాయన ఆ రోజే నడుం కట్టాడు. డాక్టర్లు రాసిన పెద్ద పెద్ద మాటలన్నీ తీసిపారేసి, జనం నోట్లో ఉండే మాటలు పెట్టాడు. ఉదరాన్ని పొట్ట చేశాడు, లలాటాన్ని నుదురు చేశాడు. కంప్యూటరు కుర్రాళ్ళని పట్టుకుని, వెతికే పద్ధతిని బిగించాడు. అడిగిన మాటల్లో ఒక్కటి కలిసినా చాలు అని ఉండేదాన్ని, అన్నీ కలవాలి అని మార్పించాడు. మగమనిషి, చొక్కా రంగు, జుట్టు తీరు, ఒళ్ళు, వయసు. అన్నీ కలిస్తేనే ముఖం కనపడుతుంది. ఏ ఒక్కటి తప్పినా తెర మీద రెండే మాటలు: ఏమీ దొరకలేదు.

వచ్చినవాళ్ళు పరాయి శవాల ముఖాలు చూడకుండానే ఇంటికి వెళ్ళిపోవడం మొదలైంది. ఏమీ దొరకలేదన్న మాటకి జనం అంత ఆనందపడే చోటు ఇంకెక్కడా ఉండదు. అది తన చేతి చలవేనని పెద్దాయనకి లోలోపల చాలా గర్వంగా ఉండేది. చలిగది ఎదురుగా కూచుని చేతి చలవ అనుకోవడం ఆయనకే చెల్లింది.

ఆవిడ భర్త లిఫ్టు మెకానిక్కు. ఎత్తైన మేడల్లో ఆగిపోయిన లిఫ్టుల్ని కదిలించి, మధ్యలో ఇరుక్కున్నవాళ్ళని బయటికి తీసే పని. వాన కురిసిన ఓ సాయంత్రం ఎవరో ఫోను చేస్తే పనిముట్ల సంచి తగిలించుకుని వెళ్ళాడు. ఆ మేడకి వెళ్ళలేదు, ఇంటికి రాలేదు, ఫోను మోగలేదు. పోలీసు స్టేషన్లో కాగితం రాసుకుని, ఆసుపత్రిలో కూడా ఓసారి చూసుకోమని పంపారు.

“పైకీ కిందికీ తప్ప పక్కకి వెళ్ళే మనిషి కాదండీ” అంది ఆవిడ, పెద్దాయన ముందు కుర్చీలో కూచుంటూ.

ఆ మాటకి పెద్దాయనకి ఆవిడంటే అభిమానం పుట్టింది. తన గోత్రం మనిషి దొరికినట్టు అనిపించింది.

ఆవిడ చెప్పింది, కౌంటరమ్మాయి కొట్టింది. కంపెనీ వాళ్ళిచ్చిన బూడిద రంగు చొక్కా. ఉంగరాల జుట్టు, దువ్వెన ఇరుక్కుంటే ఇద్దరు లాగాలి. బక్కపలచన. నలభై. ఇవన్నీ చెబుతున్నంతసేపూ ఆవిడ కళ్ళు తెర మీద లేవు, కౌంటరమ్మాయి వేళ్ళ మీద ఉన్నాయి. చివరి మీట నొక్కే ముందు ఆ పిల్ల కూడా ఊపిరి బిగబట్టింది.

ఏమీ దొరకలేదు.

“మీ దొరగారు దొరకలేదమ్మా” అన్నాడు పెద్దాయన.

ఆవిడ పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఇక్కడ లేడంటే ఎక్కడో ఉన్నట్టేగదా, ఉంటే వస్తాడుగదా అని, వినేవాళ్ళు ఒప్పుకోకపోతే కొట్లాడేలా చెప్పింది. పెద్దాయన వెంటనే ఒప్పుకున్నాడు.

ఆ తరవాత ఆవిడ రెండు మూడు రోజులకోసారి వస్తూనే ఉంది. ఆవిడ తమ్ముడు బస్టాండులూ, సత్రాలూ, పక్క ఊళ్ళ ఆసుపత్రులూ తిరుగుతున్నాడు. ఈ వెనక గేటు ఆవిడ వంతు. వచ్చినప్పుడల్లా అవే మాటలు, అదే జవాబు. మెల్లగా అదో అలవాటైపోయింది. కౌంటరమ్మాయికీ ఆవిడకీ తొలిరోజు పెట్టుకున్న తగువు పోయి వరస కలిసింది. “అక్కా, ఇవాళ కూడా బావగారు మా ట్యాగుకి చిక్కలేదు” అని ఆ పిల్ల అంటే, “మీలాంటి పిల్లల చేతికి చిక్కే రకం కాదులే” అని ఆవిడ జవాబు. ఎప్పుడైనా ఆవిడ రావడం ఆలస్యమైతే పెద్దాయన తలుపు సందులోంచి ముందు గదిలోకి చూసేవాడు.

ఓసారి ఆవిడ పక్కనే నిలబడ్డాడు. తెర మీద ఆ రెండు మాటలూ వచ్చాయి. ఒక్క మాట తీసేసి చూస్తే, చొక్కా రంగో, ఒళ్ళో వదిలేసి వెతికితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. కొన్ని ముఖాలు వస్తాయి. అందులో ఎక్కువ భాగం ఎవరికీ సంబంధం లేనివి. కాస్త వదులు చేసి చూద్దామా అని మెల్లగా అడిగాడు. నీళ్ళలో దొరికినవాళ్ళవి కూడా ఓసారి చూద్దామన్నాడు.

ఆవిడ ముఖంలో రంగు మారింది. నీళ్ళ దగ్గరికి ఆయనెందుకు వెళ్తాడని అడిగింది. చూపించక తప్పదంటే చూస్తానంది, కానీ చేతిసంచి పట్టీ మళ్ళీ వేలికి బిగిసిపోయింది, వేలు తెల్లబడింది. పెద్దాయన ఆ వేలు చూశాడు. కుర్చీలోంచి జారిపోయిన ఆ తల్లి గుర్తొచ్చింది. అవసరం లేదులెమ్మని తెర ఆపేశాడు. ఆ పూట ఇంటికి వెళ్తూ, తాను ఓ మంచి పని చేశానని అనుకున్నాడు కూడా.

అలా రోజులు గడుస్తుండగా ఓ పొద్దున వాన పట్టుకుంది. గొడుగు ఉందిగానీ, అది గొడుగు పని మానేసి గాలితో గొడవ పడింది. పెద్దాయన బస్సు దిగి గేటు దాటేలోగా తడిసి ముద్దయ్యాడు. జుట్టు నెత్తికి అంటుకుపోయింది. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. చేతిరుమాలుతో ముఖం తుడుచుకుంటూ లోపలికొస్తే కౌంటరమ్మాయి ఎగాదిగా చూసింది.

“ఏంటి బాబాయ్, కొత్త చొక్కానా? ముదురు నీలం నీకు నప్పలేదు.”

“ముదురెక్కడిదే, ఆకాశం రంగు. తడిసింది” అన్నాడు.

అని, ఒక అడుగు వేసి, ఆగిపోయాడు.

రుమాలు చేతిలోనే ఉంది. కౌంటరమ్మాయి ఇంకేదో అంది, ఆయనకి వినపడలేదు. చొక్కా అంచు పైకి లాక్కుని చూసుకున్నాడు. తన గదిలోకి వెళ్ళాడు. కంప్యూటరు మీద దుమ్ము పడకుండా కప్పే గుడ్డ ఒకటి ఉంది, బూడిద రంగుది. దాన్ని బల్ల మీద పరిచి, మంచినీళ్ళ సీసా మూత తీసి, కాసిని నీళ్ళు దాని మీద ఒలకబోశాడు.

నీళ్ళు పడ్డ చోట గుడ్డ నల్లగా అయింది. బూడిద లేదు. ఎవరు చూసినా నలుపే అంటారు. ఆయనైతే నలుపనే రాస్తాడు.

కౌంటరమ్మాయి గుమ్మంలో నిలబడి, ఏమైందని అడిగింది. ఆయన కుర్చీ లాక్కుని, రోజూ ఆవిడ చెప్పే మాటలన్నీ పక్కన పెట్టి, తన మాటలు కొట్టాడు. మగమనిషి. నలుపు చొక్కా. నీళ్ళలో.

ఒక్క ముఖం వచ్చింది.

దాని కింద ఆయన స్వయంగా తగిలించిన మాటలు ఉన్నాయి. నలుపు చొక్కా, సాపు జుట్టు, భారీ ఒళ్ళు, యాభై దాటిన వయసు. ఫోటోతో పోల్చి చూసుకున్నాడు. ఒక్క మాట తప్పు లేదు. నీళ్ళలోంచి తీసి, తీసిన తడి ఆరకముందే పట్టిన ఫోటో అది. తడిసిన చొక్కా నల్లగానే ఉంది. తడిసిన ఉంగరాలు విడిపోయి నుదుటికి సాపుగానే అంటుకున్నాయి. నీరు పట్టిన ఒళ్ళు భారీగానే ఉంది. ఉబ్బిన ముఖానికి యాభై దాటినట్టే ఉంది. కనిపించిందే రాశాడు. అనిపించింది ఒక్క అక్షరం కూడా రాయలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ నంబరు పక్కన “తరలించాం” అని, తేదీతో సహా ఉంది. పోయిన వారం బండి. తేదీ చూసి కౌంటరమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ రోజు ఆవిడ వచ్చింది. వెనక గేటులో బండి ఎక్కిస్తున్న వేళకి, ముందు గదిలో వీళ్ళు ముగ్గురూ కూచుని నవ్వుకున్నారు.

ఇంకా ఏదో మూల ఇతను కాదేమోనన్న ఆశ ఉంది. పెద్దాయన చలిగది కాపలావాడి దగ్గరికి వెళ్ళి, ఆ నంబరు సంచి అడిగాడు. బండెక్కినవాళ్ళ బట్టలు కూడా మరికొంతకాలం ఉంచుతారు. కాపలావాడు సంచి తెచ్చి ముడి విప్పాడు. పెరట్లో తీగ మీద ఆరి, మడత పడి, చొక్కా శుభ్రమైన బూడిద రంగులో ఉంది. జేబు చిరిగి వేలాడుతోంది. ఆ జేబు మీద లిఫ్టు కంపెనీ పేరు సగం మిగిలి ఉంది, మిగతా సగం నీళ్ళు తీసుకున్నాయి. ఆరేసేటప్పుడు రంగు మారింది చూడలేదా అని అడిగితే, తనకి నంబరు తప్ప ఇంకేదీ కనపడదన్నాడు కాపలావాడు.  పెద్దాయనకీ ఇన్నాళ్ళూ మాట తప్ప ఇంకేదీ కనపడలేదు.

పెద్దాయన వెళ్ళి చెబితే ఆసుపత్రి సూపర్నెంటు గారు అంతా విన్నారు. కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని విన్నారు. చెడ్డ మనిషి కాదు, చిక్కుల్ని చెయ్యి పెట్టకుండా విప్పడం అలవాటైన మనిషి.

“ఆవిడకి మనం ఏం చెప్పాం? దొరకలేదన్నాం. ఆ రోజు దొరకలేదు, అబద్ధం కాదుగా” అన్నారు. “మనిషి ఎలాగూ లేడు. ఆశ ఒక్కటే ఉంది, అది కూడా తీసేసి నువ్వు బాగుపడేదేముంది? నీ ఉద్యోగం ఉంటుంది, ఆవిడ నవ్వూ ఉంటుంది. కాస్త ఆలోచించుకో.”

పెద్దాయన ఆలోచించుకున్నాడు. నిజానికి ఆ మాట ఆయనకి నచ్చింది కూడా, నచ్చిందని తెలిసి సిగ్గుపడ్డాడు. ఆవిడ ఇవాళ కూడా వస్తుంది. అవే మాటలు చెబుతుంది. అదే జవాబు వస్తుంది. ఒక్క మాట కూడా మార్చనక్కర్లేదు, చేతులు ముడుచుకు కూచుంటే చాలు. టీ వచ్చింది, చల్లారింది. ఇంకో టీ వచ్చింది, అదీ చల్లారింది. తాగేది కూడా మానేశాడు ఆ పూట.

మధ్యాహ్నం దాటాక ఆవిడ వచ్చింది, ఈసారి తమ్ముడు కూడా వెంట ఉన్నాడు. తిరిగి తిరిగి ఎండిపోయి, చెప్పులు అరిగిపోయి, గోడకి జారగిలబడ్డాడు. దూరపు ఊళ్ళో లిఫ్టులు బాగుచేసే కొత్త మనిషి ఒకడు కనపడ్డాడని ఎవరో చెప్పారట. రేపే అక్కడికి బయల్దేరతానని, ఎన్నాళ్ళయినా అక్కడే ఉండి వెతుకుతానని తమ్ముడు చెబుతున్నాడు. ఆవిడ కౌంటరమ్మాయితో, నిద్ర సరిగ్గా పట్టడం లేదని అంటోంది. ఆ రాత్రి నుంచీ తలుపుకి గడియ వెయ్యడం మానేసిందట. ఆయన దగ్గర తాళంచెవి ఉందో పోయిందో తెలియదుగదా, వచ్చి తలుపు తట్టినప్పుడు తాను లేచేలోగా వెళ్ళిపోతే ఎలా. కూతుర్ని గోడ వైపు పడుకోబెట్టి, తాను తలుపు వైపు తిరిగి పడుకుంటోందట. గాలికి తలుపు కదిలితే లేస్తోందట.

గడియ లేని తలుపు, గడియగడియకీ మెలకువ. ఆ రెండు మాటలు పక్కపక్కన పడగానే మామూలు రోజైతే పెద్దాయన మురిసిపోయేవాడు. ఇవాళ కుర్చీలోంచి లేచాడు.

కౌంటరమ్మాయి వేళ్ళు కీబోర్డు మీద పెట్టి, కొట్టలేక, ఆయన వైపు చూసింది. ఆ చూపుని ఆవిడా చూసింది.

“ఏంటి, ఏమైంది?” అంది.

పెద్దాయన వచ్చి ఆవిడ ఎదురుగా కూచున్నాడు. చెప్పాల్సింది పొద్దున్నుంచీ ఎన్ని రకాలుగానో పేర్చుకున్నాడు, ఏదీ నోటికి రాలేదు. ఊరికే చెప్పేశాడు. ఆయన ఇక్కడే ఉన్నారమ్మా అన్నాడు. మీరు మొదటిసారి వచ్చినప్పటికే ఉన్నారన్నాడు. పోయిన వారం బండిలో తీసుకెళ్ళి పూడ్చారని, ఎక్కడో, ఏ నంబరు కిందో చెప్పాడు. చలిగది కాపలావాడు సంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆవిడ ముడి తానే విప్పుకుంది. చొక్కా బయటికి తీసి, చిరిగిన జేబు మీద అరచెయ్యి పెట్టి, అలాగే ఉంచింది.

ఏడుస్తుందని అందరూ అనుకున్నారు. ఏడవలేదు.

“అయితే నేను నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళిన రోజులన్నీ ఆయన ఆ గోడవతల ఉన్నారా?”

“ఉన్నారమ్మా.”

తమ్ముడు ముందుకొచ్చి పెద్దాయన చొక్కా పట్టుకున్నాడు. అక్క పక్కనే ఉండి అన్ని గుర్తులూ చెబితే ఎలా దొరకలేదని, ఎవరి గుర్తులు రాశావని నిలదీశాడు. సూపర్నెంటు గారు గుమ్మంలోకి వచ్చి, కంప్యూటరులో ఏదో పొరపాటు జరిగిందని అనబోయారు. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. తమ్ముడి చెయ్యి విడిపించుకోకుండానే, కంప్యూటరు తప్పేమీ లేదన్నాడు. నీళ్ళలోంచి తీశారు, తడి మీద ఫోటో తీశారు. బూడిద రంగు తడిస్తే నలుపయింది, నేను నలుపని రాశాను. ఉంగరాలు తడిస్తే సాపయ్యాయి, సాపని రాశాను. ఒంటికి నీరు పట్టింది, భారీ అని రాశాను. మీరు ఇంట్లోంచి బయల్దేరిన మనిషి గుర్తులు చెప్పారు, నేను నీళ్ళలో తేలిన మనిషి గుర్తులు రాశాను. అన్నీ కలవాలని నేనే పెట్టాను. ఒక్కటి వదిలేసి చూద్దామని ఓ రోజు అనుకుని, మీ అక్క వేలు తెల్లబడడం చూసి మానేశాను.

తమ్ముడి పట్టు సడలింది.

ఆవిడ చొక్కా మీద నుంచి చెయ్యి తియ్యకుండా, మెల్లగా అడిగింది. “నేనేం చెప్పి ఉంటే ఆయన దొరికేవారు?”

“నలుపు చొక్కా. సాపు జుట్టు. లావు మనిషి. యాభై పైన.”

ఆవిడ ఆ మాటలు ఒక్కొక్కటే పెదవులు కదుపుతూ అనుకుంది. మరీ నోరు తిరగని పరాయి భాష మాటల్లా అనుకుంది.

“ఆయన అలా ఉండరు” అంది. “ఏ పెళ్ళామూ తన మొగుడి గురించి ఆ మాటలు చెప్పదు.”



కుర్చీల వరసలో చివర ఓ ముసలాయన కూచుని ఉన్నాడు. కూతురి కోసం వచ్చి, పొద్దున్నే దొరకలేదనిపించుకుని, వాన తగ్గితే వెళ్దామని కూచున్న మనిషి. ఆయన లేచాడు. తాను పసుపుపచ్చ గౌను అని చెప్పానని, అది తడిస్తే ఏ రంగవుతుందని అడిగాడు. ఆయన అడగడంతో పక్కనున్నావిడ కూడా లేచింది. తమవాడు మంటల్లో చిక్కుకున్నాడేమోనని, మసి పడితే ఏ రంగని రాస్తారని అడిగింది. ఇంకొకాయన, ఏంటి సంగతి, ఏం జరిగిందని వెనక నుంచి అడుగుతున్నాడు. ఎవరూ సరిగ్గా చెప్పలేకపోతున్నారు. చొక్కా మారిందట అని ఒకరు, మనిషే మారాడట అని ఒకరు.

సూపర్నెంటు గారు అందరినీ కూచోమన్నారు. ఎవరూ కూచోలేదు.

పెద్దాయన బల్ల పట్టుకుని లేచి నిలబడ్డాడు. పొద్దున తడిసిన చొక్కా ఒంటి మీదే ఆరి, మళ్ళీ ఆకాశం రంగుకొచ్చింది. నుదుటి మీది కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. గది చివరిదాకా వినపడేలా, ఒక్క మాట కూడా తిప్పకుండా, మొదటి నుంచి చెప్పాడు. తడి గురించి చెప్పాడు, మసి గురించి చెప్పాడు, చనిపోయినవాళ్ళు వయసు మీరినట్టు కనిపిస్తారని చెప్పాడు, తానే పెట్టిన ఆ బిగింపు గురించి చెప్పాడు.

“ఇక్కడ దొరకలేదంటే లేరని కాదు” అన్నాడు. “మీ మాటా నా మాటా కలవలేదని. అంతే.”

 తరవాత ముసలాయన కర్ర ఆనించుకుంటూ వచ్చి కౌంటరు ముందు నిలబడ్డాడు. ఆయన వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. కౌంటరమ్మాయి ముక్కు చీదుకుని, తెర మీది వెతికే గడిలో ఉన్న మాటలన్నీ చెరిపేసి, ముఖాలన్నీ వచ్చేలా మీట నొక్కింది.